కార్బైడ్‌తో మగ్గిన వార్త

మామిడికాయను కార్బైడ్ పెట్టి మగ్గబెడితే రెండు రోజుల్లో తొక్క పసుపెక్కుతుంది. లోపల పులుపు మాత్రం పులుపుగానే ఉంటుంది. ఆహార భద్రత నిబంధనల ప్రకారం అది నిషేధం. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. కాయను చేతిలోకి తీసుకుని, ముచ్చిక దగ్గర వాసన చూసి చెప్పేస్తారు. వార్తలను అలా వాసన చూసి చెప్పే అలవాటు మాత్రం మనకింకా పట్టుబడలేదు. ఈ రాతకు అదే కారణం.

2023 జనవరి చివరి వారం. తోటల్లో పూత నిండుగా ఉంది. తేనెమంచు పురుగుకు మందు కొట్టించే హడావుడిలో ఉన్నాం. పక్క తోట రైతు, వరసకు మాకు బాబాయి, చేతిలో దినపత్రిక మడిచి పట్టుకుని గట్టు మీదుగా వచ్చాడు.

"ఏరా అబ్బాయ్, ఫోను లోపల నడిచే యంత్రాంగం మనవాళ్ళే తయారుచేశారంట గదా! నా ఫోనులోకి అది ఎప్పుడు వేస్తావు?"

ఆయనకు ఇందులో ఉత్సాహం ఊరికే పుట్టలేదు. అంతకు ముందు ఏడాది ఫోనులో దొరికే ఒక అప్పు యాప్ నుంచి ఎరువుల ఖర్చుకు కొంత తీసుకున్నాడు. తీర్చడం నాలుగు రోజులు ఆలస్యమయ్యేసరికి, ఆ యాప్ ఆయన ఫోనులోని పేర్లన్నీ ఊడ్చుకుపోయి బంధువులందరికీ ఫోన్లు చేయించింది. వియ్యంకుడికి కూడా. ఆ అవమానం ఆయన ఇంకా మరిచిపోలేదు. మన దేశపు యంత్రాంగమైతే మన గుట్టు బయటికి పోదని పత్రిక చదివి నమ్మాడు.

"అది నీ ఫోనులోకి ఇప్పట్లో రాదు బాబాయ్" అన్నాను. ఎందుకు రాదో చెప్పడం మొదలుపెట్టాను. రెండు ముక్కలు విన్నాడో లేదో, ఆయనే అడిగాడు.

"ముందు ఇది చెప్పు. టెంక మొక్కా, అంటు మొక్కా?"

"అంటే."

"మరి కింద టెంక ఎవరిది?"

"గూగుల్ వాళ్ళది. దానికింద ఇంకా లోతున ఇంకో వేరుంది. అది ఎవరిదీ కాదు, లోకంలో అందరిదీ."

"మరి ఆ ముక్క పేపరోళ్ళు రాయలేదేం?"

ఆనాటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఐదో తరగతి చదివిన మామిడి రైతు అడిగిన ప్రశ్నను, నేను చదివిన పత్రికల్లో గానీ చూసిన టీవీల్లో గానీ మొదటి రోజుల్లో ఎవరూ ఎందుకు అడగలేదు?

అసలు విషయానికి వద్దాం. 2023 జనవరి 19న ఐఐటీ మద్రాసు ఒక ప్రకటన విడుదల చేసింది. ఆ విద్యాసంస్థ అండతో నడిచే ప్రవర్తక్ టెక్నాలజీస్ ఫౌండేషన్ ప్రోత్సాహంతో, జేఅండ్‌కే ఆపరేషన్స్ అనే సంస్థ 'భారోస్' అనే నిర్వాహక వ్యవస్థను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, మొబైల్ ఫోన్ల కోసం తయారుచేసిందని దాని సారాంశం. ఐదు రోజుల తర్వాత, 24న, కేంద్ర మంత్రులు అశ్వినీ వైష్ణవ్, ధర్మేంద్ర ప్రధాన్ దాన్ని స్వయంగా పరీక్షించి చూశారు. ఆ తర్వాత వారం రోజులూ పత్రికల్లో, టీవీల్లో ఒకటే పాట: పూర్తి స్వదేశీ, ఆండ్రాయిడ్‌కు పోటీ, ఇక విదేశీ కంపెనీలకు గడ్డుకాలం.

ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, స్వదేశీ అన్న మాట. భారోస్‌కు ఆధారం ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. గూగుల్ తన ఆండ్రాయిడ్ మూలరూపాన్ని ఎవరైనా తీసుకుని, మార్చుకుని, పంచుకునేలా బహిరంగంగా ఉంచిన భాండాగారం అది. అందులో చాలా భాగానికి అపాచీ లైసెన్సు ఉంది. ఆ ఆండ్రాయిడ్ కూడా నేల మీద నిలబడింది లినక్స్ కెర్నెల్ అనే వేరు మీద. 1991లో ఫిన్లాండులో లినస్ తోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టగా, ప్రపంచం నలుమూలల నుంచి వేలాది మంది చేయివేసి పెంచిన వేరు అది. అందులో భారతీయుల చేతులూ ఉన్నాయి. కనుక భారోస్ మూడు పొరల మొక్క: అడుగున లినక్స్ వేరు, దాని మీద ఆండ్రాయిడ్ కాండం, పైన మద్రాసులో కట్టిన అంటు.

ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. నా ఆక్షేపణ ఇంజనీర్ల మీద కాదని మొదటే చెబుతున్నాను. సున్నా నుంచి ఒక ఫోను వ్యవస్థను రాయబూనడం కన్నా ఉన్న మంచి మూలాన్ని తీసుకుని మన అవసరానికి మలుచుకోవడమే తెలివైన పని. మా ప్రాంతంలో చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు, కొత్తపల్లి కొబ్బరి, ఏ తోట చూసినా దాదాపు అన్నీ అంట్లే. ఊరూ పేరూ లేని నాటు టెంకను మొలకెత్తించి, దాని మీద మంచి తల్లిచెట్టు కొమ్మను కడతారు. అంటు కట్టినందుకు ఎవరినీ ఎవరూ చిన్నచూపు చూడరు. నర్సరీవాడు అంటు మొక్కను చూపించి, ఇది నేనే మొలిపించిన కొత్త జాతి అని అమ్మజూపితేనే తగాదా. అంటు కట్టిన చోటును మట్టిలో పూడ్చకూడదని, అది నేలకు పైన కనబడేలా మొక్క నాటాలని మా పెద్దలు చెబుతారు. పత్రికలు చేసింది సరిగ్గా ఆ చోటును మట్టితో కప్పడమే.

అలా కప్పకుండా వార్త రాయడం సాధ్యం కాదా? ఎందుకు కాదు! అదే ఐఐటీ మద్రాసులో, ఆనాటి సంచాలకులు కామకోటి గారు ఎంతో కృషి చేసిన 'శక్తి' ప్రాసెసర్ ఉంది. దానికి ఆధారం అమెరికాలోని బర్కిలీలో పుట్టిన రిస్క్-ఫైవ్ అనే బహిరంగ నిర్దేశం. ఆ మాటను తయారుచేసినవాళ్ళు ఏనాడూ దాచలేదు, దానివల్ల శక్తి గౌరవం తగ్గనూ లేదు. అదే 2023 ఆగస్టులో, రక్షణ శాఖ కంప్యూటర్లలో విండోస్ బదులు 'మాయ' అనే వ్యవస్థ రాబోతున్నదన్న వార్త వచ్చినప్పుడు, అది ఉబుంటు ఆధారంగా కట్టినదని ఆ వార్తలోనే ఉంది. ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యానికి భారోస్ విషయంలో చోటు చిక్కలేదు.

'మొట్టమొదటి స్వదేశీ' అన్న విశేషణం మరీ విడ్డూరం. సీ-డాక్ వాళ్ళు 'బాస్' పేరుతో, అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అనే పేరుతో, డెబియన్ మీద కట్టిన లినక్స్‌ను 2007లోనే విడుదల చేశారు. అందులో తెలుగు కూడా ఉంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగులో కనిపించే గ్నూ/లినక్స్ పంపిణీని తయారుచేసి సీడీలు పంచారు. 2015లో 'ఇండస్' అనే, ఆండ్రాయిడ్ మీదే కట్టిన, భారతీయ భాషల వ్యవస్థ మైక్రోమ్యాక్స్ ఫోన్లలో వచ్చింది. మన పత్రికలకు ప్రతి పదేళ్ళకూ ఒక 'మొట్టమొదటిది' కావాలి. అందుకోసం అంతకు ముందు వచ్చినవాటిని మరిచిపోవడం ఒక వృత్తిధర్మంగా మారింది.

రెండవది, ఆండ్రాయిడ్‌కు పోటీ అన్న మాట. ఆండ్రాయిడ్ మూలం మీద నిలబడినది ఆండ్రాయిడ్‌కు ఏ అర్థంలో పోటీ? గూగుల్ బలం ఆ బహిరంగ మూలంలో లేదు. దాని మీద తాను మాత్రమే ఇవ్వగల ప్లే స్టోర్, ప్లే సేవలు, మ్యాపులు వంటి వాటిలో ఉంది. ఈ సేవలు లేని ఆండ్రాయిడ్‌ను వాడి చూసినవారికి తెలుసు: ఎన్నో యాప్‌లు సగం పనిచేస్తాయి, కొన్ని అసలు తెరుచుకోవు. ఫోను గూగుల్ ధ్రువీకరణ పొందినదేనా అని పరీక్షించి, కాకపోతే తలుపు మూసేసే బ్యాంకు యాప్‌లు కూడా ఉన్నాయి. కాబట్టి పాత్రికేయుడు అడగవలసిన మొదటి ప్రశ్న, 'ఇందులో మామూలు మనిషి బ్యాంకు పనీ, యూపీఐ చెల్లింపూ చేసుకోగలడా?' అన్నది. నేను చదివినంతలో ఆ ప్రశ్న కనబడలేదు.

ముందే పెట్టిన యాప్‌లు ఇందులో ఉండవన్నది గొప్ప ఆవిష్కరణగా రాశారు. అది మంచి లక్షణమే, కాదనను. అయితే గూగుల్ యాప్‌లు లేని ఆండ్రాయిడ్‌ను ప్రపంచంలో చాలామంది స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ళ తరబడి ఇస్తూనే ఉన్నారు. 2009 నాటి సయనోజెన్‌మాడ్, దాని వారసుడిగా 2016 చివర్లో మొదలైన లీనియేజ్, భద్రతనే వ్రతంగా పెట్టుకున్న గ్రాఫీన్ వంటివి ఆ దారిలోనివే. వాటి సరసన భారోస్ ఎక్కడ నిలుస్తుంది, వాటికన్నా ఎందులో మెరుగు అని పోల్చి చెప్పినప్పుడే దాని నిజమైన విలువ తెలిసేది. పోలిక లేని పొగడ్త వల్ల పొగిడించుకున్నవాడికి కూడా లాభం లేదు.

మూడవది, నూరు కోట్ల మంది. దేశంలోని నూరు కోట్ల మొబైల్ వినియోగదారులకు ప్రయోజనం కలిగించగలదని ఐఐటీ ప్రకటనలోనే ఉంది. పత్రికలు ఆ అంకెను పట్టుకుని శీర్షికలు కట్టాయి. అదే ప్రకటనలో కొంచెం కిందికి దిగితే ఇంకో మాట ఉంది: గోప్యత, భద్రత విషయంలో కఠినమైన అవసరాలున్న సంస్థలకు, సున్నితమైన సమాచారంతో పనిచేసేవారికి, ప్రస్తుతం ఈ సేవలు అందిస్తున్నామని. అంటే ఇది బజారులో కొనుక్కునే సరుకు కాదు, కొన్ని కార్యాలయాల లోపలి అవసరానికి కట్టినది. తయారుచేసినవాళ్ళే చెప్పిన ఈ మాటను శీర్షికలోకి తెచ్చి ఉంటే బాబాయి పత్రిక మడిచి పట్టుకుని గట్టు దాటి వచ్చేవాడు కాదు. ఒకే కాగితంలో పైన ఉన్న ఆశను తీసుకుని, కింద ఉన్న వాస్తవాన్ని వదిలేయడానికి సాంకేతిక జ్ఞానం లేకపోవడం సాకు కాదు. అది కాగితం చివరిదాకా చదవకపోవడమే.

నాలుగవది, భద్రత. తక్కువ యాప్‌లుంటే దొంగ దూరే సందులు తగ్గుతాయి, నిజమే. ఫోను భద్రత మాత్రం అంతటితో అయిపోదు. ఆండ్రాయిడ్‌లో బయటపడిన లోపాలకు 2015 ఆగస్టు నుంచి గూగుల్ నెలనెలా సవరణల పట్టిక విడుదల చేస్తూ వచ్చింది. మూలంలో లోపముంటే అంటులోనూ ఉంటుంది. కింద వేరుకు పట్టిన తెగులు పైకొమ్మకు రాకుండా ఉంటుందా? కాబట్టి ఆ సవరణలు ఎన్ని రోజుల్లో అందుతాయి, ఎన్నేళ్ళ పాటు ఇస్తారు అన్నవే అసలు ప్రశ్నలు. ఇక ఫోనులోని చిప్పు, దాని డ్రైవర్లు, సంకేతాలను మోసే మోడెమ్ లోపలి సాఫ్ట్‌వేర్ చాలావరకు విదేశీ కంపెనీల మూసిన పెట్టెలే. పైన పెట్టిన వ్యవస్థ పేరు మారినంత మాత్రాన అవి స్వదేశీ అయిపోవు. 'పూర్తి' అనే విశేషణం రాసే ముందు ఫోను వెనక మూత తీసి చూడనక్కర్లేదు, తీసిన ఎవరినైనా ఒక్క మాట అడిగితే సరిపోయేది.

ఇక్కడ ఒక విచిత్రమైన తారీఖుల కలయిక చెప్పాలి. ఫోను కొనగానే అందులో గూగుల్ యాప్‌ల గుంపు బలవంతంగా ఉండటం, వెతుకుడు యంత్రంగా గూగులే ముందే కూర్చుని ఉండటం వంటి విషయాల మీద మన పోటీ కమిషన్ 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది, పద్ధతులు మార్చుకోమని ఆదేశాలూ ఇచ్చింది. వాటిని నిలిపివేయమని గూగుల్ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. కోర్టు జోక్యానికి నిరాకరించింది 2023 జనవరి 19న. భారోస్ ప్రకటన వెలువడిన రోజే! మరో ఆరు రోజులకు, 25న, భారతదేశంలో యాప్‌లను విడివిడిగా ఎంచుకునే వీలు ఫోను తయారీదారులకు, వెతుకుడు యంత్రాన్ని ఎంచుకునే వీలు వాడుకరులకు ఇస్తామని గూగుల్ ప్రకటించింది. దేశంలోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ సంబంధించిన నిజమైన మార్పు ఇది. బాబాయి జేబులో ఉన్న ఫోను కూడా అందులో ఒకటి. మా ఇంటికి వచ్చే పత్రికలో ఇది లోపలి వాణిజ్య పేజీలో ఒక మూల ఉంది. జెండా రంగుల బొమ్మతో భారోస్ మొదటి పేజీలో ఉంది. ఒకే సమస్యకు సంబంధించిన రెండు వార్తలు ఒకే వారంలో వస్తే, వాటిని కలిపి చదివి చెప్పగల మనిషి ఆ కార్యాలయంలో లేకపోయాడు.

ఇదంతా ఈ ఒక్కసారికే జరిగిన పొరపాటైతే ఇంత రాసేవాణ్ణి కాదు. పాత మిత్రులకు 2007 గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది జనవరి 30న విండోస్ విస్టా మార్కెట్లోకి వచ్చింది. పత్రికల ప్రత్యేక పేజీలు గాజు పలకల్లా మెరిసే కిటికీల బొమ్మలతో నిండిపోయాయి. ధర ఎంత, ఎంత మెమరీ కావాలి, బిల్ గేట్స్ ఏమన్నాడు, అన్నీ రాశారు. తెలుగువాడికి ఆ విడుదలలో ఉన్న ఒకే ఒక పెద్ద వార్తను మాత్రం నేను చదివిన ఏ వ్యాసమూ ముట్టుకోలేదు.

ఏమిటా వార్త? 2001లో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నా, తెలుగు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ పానెల్‌లోకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీని లోపలికి తోయాలి. సీడీ ఎవరి దగ్గరుంది? నూజివీడులో నేను వెళ్ళే ఇంటర్నెట్ సెంటరులో ఎనిమిది కంప్యూటర్లుంటే ఒక్కదానికీ సీడీ లేదు. ఎవరిదో అడిగి తెచ్చుకుని, యజమాని చూడకుండా ఒక్కో యంత్రానికీ ఆ టిక్కు పెట్టుకుంటూ పోయిన రోజులవి. లేకపోతే వత్తులన్నీ విడిపోయి, గుణింతాలు చెల్లాచెదురై, కొన్నిచోట్ల ఉత్త డబ్బాలై కనబడేవి. విస్టాలో ఆ తంతు అవసరం లేకుండా తెలుగు దానంతట అదే సరిగ్గా కనబడింది. కోట్లాది తెలుగువారికి తమ భాష తెర మీద అడగకుండానే దొరకడం కన్నా పెద్ద వార్త ఏముంటుంది? కానీ తమ జాలస్థలాలను సొంత ఖతుల్లో బంధించి పెట్టుకున్న ఆనాటి పత్రికలకు అది వార్తగా కనబడలేదు. వాళ్ళ పేజీలు యూనికోడ్‌లో చదువుకోవడానికి మనం 'పద్మ'ను ఆశ్రయించవలసి వచ్చేది. తెలుగు రాయడానికి 'లేఖిని' తెరుచుకుని కూర్చునేవాళ్ళం. అన్నం వండినవాడు ఒకడైతే పొగడ్త వంటపాత్రకు దక్కినట్లు, ఆ పనివాళ్ళ గురించి రాయడానికి పత్రికల్లో స్థలం దొరకలేదు.

మరో పదకొండేళ్ళకు, 2018 ఫిబ్రవరిలో, ఇంకో వింత. ఆపిల్ వారి ఐఓఎస్ 11లో ఉన్న లోపం వల్ల, 'జ్ఞా' అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన సంకేతక్రమంలో పంపితే ఐఫోనులో యాప్‌లు కుప్పకూలేవి. ప్రపంచ పత్రికలన్నీ 'ఐఫోన్లను చంపే తెలుగు అక్షరం' అన్న ధోరణిలో రాశాయి. మనవాళ్ళు వాటినే తెలుగు చేసి, మన అక్షరం అమెరికా కంపెనీని గడగడలాడించిందని మురిసిపోయారు. లోపం అక్షరానిదా? ఆ అక్షరాన్ని గీయవలసిన వ్యవస్థది. ఇంగ్లీషు అక్షరం ఒకటి రాస్తే ఫోను కూలిపోయి ఉంటే, 'ప్రాణాంతకమైన ఇంగ్లీషు అక్షరం' అని ఎవరైనా రాసేవారా? ఆపిల్ అదే నెల 19న 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. సరిదిద్దబడింది తెలుగు కాదు, ఐఓఎస్. ఆ మాటను తెలుగు పత్రిక కూడా చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? జ్ఞానం అన్న మాటలోని మొదటి అక్షరమే నిందితురాలు కావడం కాకతాళీయమే గానీ, ఎంత తగిన కాకతాళీయం!

ఇప్పుడు ఎదురు వాదనలు. ఇవి ఎక్కడినుంచి వస్తాయో నాకు తెలుసు.

మనవాళ్ళు ఒక మంచి పని చేస్తే ప్రోత్సహించాలి గానీ ఈ రంధ్రాన్వేషణ ఎందుకు అంటారు. ప్రోత్సాహం అంటే ఏమిటో తేల్చుకుందాం. 2019 మేలో అమెరికా ఆంక్షలు పడ్డ తర్వాత చైనాలో హువావే సంస్థ హార్మనీ అనే వ్యవస్థను ప్రకటించింది. మొదట్లో ఫోన్లలో వచ్చింది ఆండ్రాయిడ్ మీద కట్టిన అంటే. సొంతమని వాళ్ళు ఎంత చెప్పుకున్నా, దాన్ని విప్పి చూసి, ఇది ఆండ్రాయిడే అని మొహమాటం లేకుండా రాసిన విలేఖరులు బయట ఉన్నారు. ఆ విమర్శల వల్ల హార్మనీ చచ్చిపోలేదు. 2024లో వచ్చిన హార్మనీ నెక్స్ట్‌లో ఆండ్రాయిడ్ మూలాన్ని తీసివేశారు. అయిదేళ్ళు పట్టింది, లెక్కలేనంత మంది పని పట్టింది. చేయదలుచుకున్నవాడికి నిజం చెప్పడం అడ్డు కాదు. మొదటి రోజే గమ్యం చేరామని చాటించుకున్నవాడికి మాత్రం ఇక నడవవలసిన అవసరం కనబడదు.

సామాన్య పాఠకుడికి ఈ సాంకేతిక వివరాలు అర్థం కావు అంటారు. ఇది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట. వర్షం పడిన క్రికెట్ మ్యాచిలో డక్‌వర్త్ లూయిస్ లెక్కను ఇదే పత్రికలు పట్టికలు వేసి వివరిస్తాయి. బంగాళాఖాతంలో వాయుగుండం ఏ అక్షాంశం మీద ఉందో రాస్తాయి. అవి అర్థమయ్యే పాఠకుడికి, 'ఇది ఫలానా మూలం మీద కట్టినది' అన్న ఒక్క వాక్యం అర్థం కాదా? ఐదో తరగతి చదివిన మా బాబాయికి అడగకుండానే అర్థమైంది. అర్థం కానిది పాఠకుడికి కాదు.

ఆండ్రాయిడ్ కూడా లినక్స్ మీద కట్టిందే కదా, గూగుల్‌కు లేని నియమం మనకెందుకు అంటారు. గూగుల్ ఆ మాట దాచలేదు. దాచడానికీ వీల్లేదు. లినక్స్ కెర్నెల్‌కు ఉన్న జీపీఎల్ రెండవ రూపాంతరపు లైసెన్సు ప్రకారం, దాన్ని మార్చి ఎవరికైనా ఇస్తే, అందుకున్నవారికి ఆ మార్పుల మూలరూపం కూడా అందుబాటులో ఉంచాలి. ఉచితంగా తీసుకున్నందుకు లోకానికి చెల్లించే కప్పం అదొక్కటే. కనుక కొత్త వ్యవస్థ ఏది వచ్చినా, 'దీని మూలరూపం ఎక్కడ దొరుకుతుంది?' అని అడగడం వ్యతిరేకత కాదు. అది ఆ చెట్టుకు నీళ్ళు పోసిన వేలాదిమంది తరఫున అడగవలసిన బాకీ.

నేను కోరుతున్నది పెద్దదేమీ కాదు. ఇకముందు ఏ నిర్వాహక వ్యవస్థ విడుదలైనా, అది మద్రాసు నుంచి వచ్చినా సియాటిల్ నుంచి వచ్చినా, పాత్రికేయుడు ఈ ఐదు ప్రశ్నలు జేబులో పెట్టుకుని వెళ్ళాలి:

1. వేరు ఎవరిది, అంటు ఎవరిది?

2. మూలరూపం ఎక్కడ దొరుకుతుంది, ఏ లైసెన్సు కింద?

3. ఏ యంత్రాల్లో, ఎవరికి, ఎప్పటి నుంచి దొరుకుతుంది?

4. భద్రతా సవరణలు ఎన్ని రోజుల్లో, ఎన్నేళ్ళ పాటు వస్తాయి?

5. తెలుగు చదవడానికి, రాయడానికి, వినడానికి ఇందులో ఎంత వీలుంది?

ఐదో ప్రశ్న తెలుగు పత్రిక తప్ప మరెవరూ అడగరు. అడగకపోతే తెలుగులో పత్రిక ఉండి ఏం లాభం? ఢిల్లీ నుంచి వచ్చిన ప్రకటనను తెలుగు అక్షరాల్లోకి దించడమే పనైతే, ఆ పని ఇప్పుడు యంత్రాలు కూడా చేస్తున్నాయి.

అంటు మామిడి కాపుకు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. నర్సరీవాడు చిన్నరసమని చెప్పి ఇంకేదో అంటగడితే రైతుకు ఆ మోసం తెలిసేది తొలి కాయ కోసిన రోజునే. ఈలోపు నీళ్ళు పోశాడు, ఎరువు వేశాడు, కంచె కట్టాడు. పోయిన ఏళ్ళు ఎవరూ తిరిగివ్వరు. అందుకే మా వైపు రైతు మొక్క కొనేటప్పుడే నర్సరీవాణ్ణి నిలదీసి తల్లిచెట్టు చూపించమంటాడు. పత్రిక పాఠకుడికి ఆ వీలు లేదు. ఆయన తరఫున తల్లిచెట్టును చూసి రావలసినవాడే విలేఖరి.

రేపు నిజంగానే మన దేశంలో, మన అవసరాలకు, నిండుగా నిలబడగల ఒక వ్యవస్థ పుట్టవచ్చు. పుట్టాలని నా ఆశ. ఆనాడు మళ్ళీ అదే శీర్షిక పెడతారు. 'నాన్నా పులి' కథలో లాగా, ఆ కేక విన్నవాడెవడూ గట్టు దాటి రాడు. కార్బైడ్ పండు తిని నోరు పులిసిన పిల్లవాడు అసలు రసాన్ని చేతికిచ్చినా అనుమానంగానే చూస్తాడు. ఆ నష్టం పత్రికలది కాదు, ఆ వ్యవస్థను కట్టినవాళ్ళది.

ఆ రోజు బాబాయికి నేను చేయగలిగింది చేశాను. ఆయన ఫోను తీసుకుని, ఒక్కో యాప్‌కూ పేర్ల పట్టిక చూసే అనుమతి, ఫోటోలు చూసే అనుమతి తీసివేశాను. అక్కర్లేని వాటిని తొలగించాను. చెట్టు కింద కూర్చుని చేస్తే ఇరవై నిమిషాలు పట్టింది. అదంతా అదే పాత ఆండ్రాయిడ్‌లోనే, ఏ కొత్త వ్యవస్థా రాకుండానే, సాధ్యమైంది. ఎక్కడ నొక్కాలో రెండోసారి ఆయనే చేసి చూపించాడు.

"ఇంత పని ఇందులోనే ఉంటే, అది రాయొచ్చు గదా పేపర్లో" అన్నాడు.

రాయవచ్చు బాబాయ్. ఒక పావు పేజీ చాలు. కానీ దానికి జెండా రంగులు వేయడం కుదరదు.